కనబడలేదని చెప్పనివ్వండి

చంద్రగ్రహణం వస్తోందంటే తల్లిదండ్రులు మాలాంటి టీచర్లను అడిగే ప్రశ్న ఒకటే: పిల్లలు చూడొచ్చా? ఉపచ్ఛాయ చంద్రగ్రహణం అయిపోయాక మాత్రం ఇంకో ప్రశ్న వస్తుంది. "డాబా మీదికి తీసుకెళ్లి చూపించామండీ. మా వాడు ఏమీ కనబడలేదంటాడు. కళ్ల డాక్టరుకు చూపించమంటారా?"

ఆ ప్రశ్న వెనకున్న బెంగ మనకు తెలియనిది కాదు. పక్కింటి పిల్ల "భలే ఉంది" అన్నదట. మనవాడు మాత్రం కాసేపు పైకి చూసి, "మామూలు చందమామే కదా" అని లోపలికి వెళ్లిపోయాడు. వాడికి ఆసక్తి లేదా, చూపు సరిగా లేదా, మనం చూపించడం చేతకాలేదా అని రకరకాలుగా అనిపిస్తుంది. ముందు మీరు నిమ్మళంగా ఉండండి. బడిలో బోర్డు మీది అక్షరాలు కనబడటం లేదన్నా, టీవీకి మరీ దగ్గరగా జరిగి చూస్తున్నా అది వేరే సంగతి, అప్పుడు తప్పకుండా కళ్లు చూపించాలి. ఉపచ్ఛాయ గ్రహణం కనబడకపోవడం మాత్రం లోపం కాదు. చాలామంది పెద్దవాళ్లకూ కనబడదు.

ఇలాంటి గ్రహణం మన హైదరాబాద్‌కు మళ్లీ 2027 ఫిబ్రవరి 21 తెల్లవారుజామున వస్తుంది. ఆదివారం, బడి సెలవు. మాఘ పౌర్ణమి చంద్రుడు పడమటికి వాలుతూ ఉండగా సుమారు 2.42కి మొదలవుతుంది. 4.43 ప్రాంతంలో ఎక్కువగా ఉంటుంది. ఆ తరవాత తగ్గుతూ తెల్లవారేదాకా సాగుతుంది. పిల్లలకు చూపిద్దామనుకునేవాళ్లు ముందుగా మనసులో కాస్త సర్దుకోవలసినది ఏమిటంటే, ఆ రాత్రి చంద్రుడు ఎర్రబడడు. ఒక పక్క కొరికినట్టుగా నల్లబడడు. 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ గ్రహణం చూసిన పిల్లలు అదే మళ్లీ వస్తుందని ఎదురుచూస్తే నిరుత్సాహపడతారు. ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పడం మంచిది.

ఎందుకలా అని పిల్లలు అడిగితే, పగటిపూటే డాబా మీదికి తీసుకెళ్లండి. ఎండలో అరచేతిని నేలకు జానెడు ఎత్తున పట్టుకోమనండి. నీడ అంచులు స్పష్టంగా ఉంటాయి. ఇప్పుడు మెల్లగా చెయ్యి పైకెత్తమనండి. ఎత్తేకొద్దీ అంచులు పలచబడి మసకబారతాయి. సూర్యుడు ఒక చుక్క కాదు, పెద్ద బింబం. నడిమి నీడలో ఉన్న చోటికి సూర్యుడి వెలుగు నేరుగా ఏమీ చేరదు. అంచులో ఉన్న చోటికి సూర్యుడిలో కొంత భాగం నుంచి వెలుగు చేరుతూనే ఉంటుంది. భూమి నీడకూ ఈ రెండు భాగాలున్నాయి. నడిమి చీకటి నీడను ప్రచ్ఛాయ అంటారు, చుట్టూ ఉన్న మసకను ఉపచ్ఛాయ అంటారు. చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో తిరుగుతాడు. ఆయన దారి భూమి తిరిగే తలానికి ఐదు డిగ్రీలు వాలి ఉంటుంది కనుక ప్రతి పౌర్ణమికీ నీడలోకి రాడు. ఈసారి నడిమి నీడ అంచు దాకా వస్తాడు కానీ దాన్ని తాకడు. బింబం దాదాపు అంతా మసక నీడలోంచి మాత్రమే వెళుతుంది.

ఆ సమయంలో చంద్రుడి మీద ఎవరైనా నిలబడి చూస్తే వాళ్లకు కనిపించేది పాక్షిక సూర్యగ్రహణం. భూమి సూర్యుణ్ణి కొంత కప్పుతుంది, కొంత వదిలేస్తుంది. ఈ మాట పిల్లలకు చెప్పి చూడండి. పదేళ్ల పిల్లలు దీని దగ్గర చాలాసేపు ఆగిపోతారు. మనం ఇక్కడ చంద్రుణ్ణి చూస్తుంటే అక్కడ ఎవరో మన భూమిని చూస్తున్నట్టు ఊహించుకుంటారు. నాకు తెలిసి ఈ గ్రహణంలో పిల్లలకు దక్కే అసలైన ఆనందం ఇదే. కంటికి దొరికే దానికంటే ఊహకు దొరికేది ఎక్కువ.

ఇక కంటి సంగతి. ఉపచ్ఛాయలోకి చంద్రుడి బింబం మూడింట రెండు వంతులు వెళ్లేదాకా మామూలు చూపుకు తేడా తెలియదు. ఆ తరవాతైనా నడిమి నీడ వైపున్న అంచు కొంచెం మసకగా ఉంటుంది, అంతే. 4.43కి అటు అరగంట, ఇటు అరగంట ఓపిగ్గా చూసిన వాళ్లకు పట్టుబడుతుంది, కొందరికి అప్పుడూ పట్టుబడదు. మార్పు చాలా నెమ్మదిగా వస్తుంది కాబట్టి కన్ను దానికి అలవాటు పడిపోతుంది.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం కష్టమైన మాట. నొచ్చుకోవద్దు.

నిద్ర మానుకుని, చలిలో పిల్లను భుజాన వేసుకుని మేడెక్కిన నాన్న, "చూడు తల్లీ, అదిగో ఆ పక్క నల్లగా లేదూ?" అంటాడు. పిల్లకు ఏమీ కనబడదు. "సరిగ్గా చూడవే, కనిపిస్తోంది కదా!" అని అమ్మ అంటుంది. పిల్ల ముందు చంద్రుణ్ణి చూస్తుంది, తరవాత మన మొహాలు చూస్తుంది. అమ్మ ఆశగా ఉంది, నాన్న అలిసిపోయి ఉన్నాడు. ఏం చెబితే వీళ్లు సంతోషిస్తారో పిల్లకు తెలుసు. "ఆ, కనిపించింది" అంటుంది. మనం తృప్తిగా కిందికి దిగుతాం.

ఆ క్షణంలో పిల్ల లోపల ఏం జరిగిందో ఒక్కసారి ఆలోచిద్దాం. తన కళ్లు ఒకటి చెప్పాయి, తను ప్రేమించే మనుషులు ఇంకొకటి చెప్పారు. కళ్లను పక్కన పెట్టి మనుషుల మాట తీసుకుంది. ఐదారేళ్ల పిల్లకు ఇందులో అబద్ధమేమీ లేదు, మనల్ని సంతోషపెట్టాలన్న ప్రేమే ఉంది. కానీ ఇది అలవాటైతే బడిలో లెక్క అర్థం కాకపోయినా "అర్థమైంది సార్" అంటుంది. కడుపు నొప్పిగా ఉన్నా "ఏం లేదు" అంటుంది. క్లాసులో ఎవరో ఏడిపిస్తున్నా మన దగ్గర చెప్పదు. తలాడించి కూర్చునే పిల్లలను నేను తరగతిలో చాలామందిని చూశాను. మందలిస్తారని భయపడేవాళ్ల కంటే, ఎవరినీ నిరాశపరచకూడదనుకునే పిల్లలే వాళ్లలో ఎక్కువ.

చూపించాలన్న మన తపనలో తప్పేమీ లేదు. చూడగానే ఔననాలన్న తొందరే పిల్లను ఇరుకున పెడుతుంది. "నీకేం కనిపిస్తోంది?" అని అడిగి ఊరుకుంటే చాలు. "ఏమీ లేదు" అంటే, "నాకూ ఇంకా తెలియడం లేదు, కాసేపు చూద్దాం" అనండి. నిజంగా మీకూ తెలియకపోవచ్చు. పెద్దవాళ్లకు కూడా తెలియని విషయాలుంటాయని, అయినా వాళ్లు ఓపిగ్గా నిలబడి చూస్తారని పిల్లలకు తెలియడం గ్రహణం కంటే పెద్ద సంగతి.

ఇంకొకటి ఉంది. పెద్దవాళ్ల కళ్లే పొరబడే చోటు ఇది. ఫిబ్రవరి 21న తెల్లవారుతున్నకొద్దీ చంద్రుడు పడమటి దిక్కున కిందికి దిగుతుంటాడు. మన ఊళ్లో ఆ వేళ దిగువ ఆకాశంలో దుమ్ము, పొగ, కొన్నిరోజులు మంచు కూడా ఉంటాయి. వాటి వల్ల ఏ పౌర్ణమి చంద్రుడైనా కిందికి వచ్చేసరికి కాంతి తగ్గి, పసుపు రంగుకో నారింజ రంగుకో తిరుగుతాడు. ఐదున్నరకు బాల్కనీలోకి వచ్చి "అబ్బ, గ్రహణం ఎంత బాగా కనిపిస్తోందో!" అనుకుంటే అది చాలావరకు మన ఊరి దుమ్మే. గ్రహణం అప్పటికి తగ్గుముఖం పట్టి ఉంటుంది. పిల్ల ముందు ఆ మాట అనేసి ఉంటే కంగారుపడనక్కర్లేదు. "ఇది నీడ వల్లా, దుమ్ము వల్లా? ఎలా తెలుస్తుంది?" అని ఇద్దరూ కలిసి ఆలోచించండి. ముందురోజు, అంటే 20వ తేదీ తెల్లవారుజామున, గ్రహణం లేని చంద్రుడు దాదాపు అదే ఎత్తులో ఉన్నప్పుడు ఒకసారి చూసి పెట్టుకుంటే పోల్చుకోవడానికి ఆధారం దొరుకుతుంది.

ఫోనుతో కూడా ఒక మంచి పని చేయించవచ్చు. మామూలుగా ఫొటో తీస్తే ఫోను తనంతట తానే వెలుగును సర్దేస్తుంది, తేడా తెలియదు. చాలా ఫోన్లలో ఉండే ప్రో మోడ్ తెరిచి, ఐఎస్ఓ, షట్టర్ వేగం రెండూ ఒకచోట కదలకుండా పెట్టి, ఫోనును గోడకు ఆనించి రెండున్నరకు ఒకటి, నాలుగుంబావుకు ఒకటి, 4.43కి ఒకటి తీయండి. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి అందని మసక అందులో దొరకవచ్చు. రెండున్నర ఫొటో మీరే తీయండి, పిల్లను అంత ముందుగా లేపొద్దు. పిల్లకు మాత్రం ఒక నోట్‌బుక్, పెన్సిల్ ఇవ్వండి. సీసా మూతతో గుండ్రాలు గీసి, పక్కన టైము వేసి, తనకు కనిపించినట్టు షేడ్ చేయమనండి. ఏమీ కనబడకపోతే గుండ్రాన్ని తెల్లగా వదిలి "తేడా లేదు" అని రాయనివ్వండి. ఇంటర్నెట్‌లో బొమ్మ చూసి దిద్దనివ్వకండి. తెల్లగా వదిలిన ఆ గుండ్రమే నిజమైన పరిశీలన. మన ఊళ్లోనే 1901లో మొదలై, తరవాత బేగంపేటలో పనిచేసిన నిజామియా అబ్జర్వేటరీలో, రాత్రులకు రాత్రులు ఆకాశాన్ని ఫొటో పలకల మీదికి ఎక్కించి లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచారు. చూసింది చూసినట్టు రాయడమే వాళ్లు చేసిన పని. పిల్లలకు ఈ సంగతి చెబితే తమ నోట్‌బుక్ మీద వాళ్లకు గౌరవం పెరుగుతుంది.

కనబడని గ్రహణం గురించి ఇంత చెప్పాను. కనబడని భయం గురించీ చెప్పాలి.

మనం పెద్దవాళ్లం ఏదో మాటవరసకు అనే మాటలు మూడు నాలుగేళ్ల పిల్లలు యథాతథంగా తీసుకుంటారు. పాము చంద్రుణ్ణి మింగుతుందంటే, ఆ పాము ఎక్కడుంటుంది, చంద్రుడికి నొప్పి పుడుతుందా, రేపు మనింటికి వస్తుందా అని లోపల్లోపల నడుస్తుంటుంది. పైకి అడగరు. ఆ రాత్రి పక్క తడుపుతారు, లేదా ఒక్కరే బాత్‌రూముకు వెళ్లమంటే మొండికేస్తారు. కథ చెప్పొద్దని నేననను. రాహుకేతువుల కథ మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నది, చక్కని కథ. కథగా చెప్పండి. చెప్పాక "నిజంగా జరిగేది మాత్రం నీడ" అని అరచేతి నీడ చూపించండి. రెండూ పిల్లల మనసులో హాయిగా ఇముడుతాయి.

ఇంట్లో అమ్మ కడుపుతో ఉంటే ఈ భయం ఇంకా లోతుగా దిగుతుంది. గ్రహణం చూస్తే పుట్టబోయే బిడ్డకు మొర్రి వస్తుందని ఎవరో అంటారు. "అమ్మా, రావే చూద్దాం" అని పిలిచిన ఏడేళ్ల పిల్ల ఆ మాట వింటుంది. ఆ పైన తమ్ముడో చెల్లెలో పుట్టేదాకా తనవల్ల ఏమవుతుందోనని కుమిలిపోతూ ఉండవచ్చు. బిడ్డ పై పెదవి రూపు దిద్దుకోవడం గర్భం తొలి రెండు నెలల్లోనే పూర్తవుతుంది, అంగిలి ఆ తరవాత కొద్ది వారాల్లో అతుక్కుంటుంది. అది సరిగా అతుక్కోకపోవడానికి వంశంలో ఉండటం, పొగ తాగడం, మూర్ఛకు వాడే కొన్ని మందులు లాంటివి కారణాలవుతాయి. చాలాసార్లు ఫలానా కారణమని తేల్చి చెప్పలేం. చంద్రుడి మీద పడే నీడకు దీనితో సంబంధం లేదు. మొర్రితో పుట్టిన బిడ్డకు మొదటి కొద్ది నెలల్లోనే ఆపరేషన్ చేసి సరిచేస్తారు. మీ పిల్లల తరగతిలో మొర్రి ఆపరేషన్ అయిన పిల్లవాడు ఉండవచ్చు. గ్రహణం వచ్చిన ప్రతిసారీ వాడు పెదవి మీద చెయ్యి పెట్టుకుని ఈ మాటలు వింటుంటాడు. మన ఇంట్లో మనం ఏం మాట్లాడుకుంటామో అది వాడి దాకా వెళుతుంది.

నానమ్మ, అమ్మమ్మ ఒప్పుకోరండీ అని మీరంటారు. ఈ గ్రహణం దగ్గర ఆ చిక్కు పెద్దగా రాదు. ఉపచ్ఛాయ గ్రహణానికి మన పంచాంగకర్తలు పట్టు విడుపు స్నానాలు, సూతకం విధించరు. గుళ్లు మూయరు. కాబట్టి ఇది ఇంట్లో గొడవ లేకుండా మొదలుపెట్టడానికి అనువైన గ్రహణం. పెద్దావిడను కూడా శాలువా కప్పి డాబా మీదికి తీసుకురండి. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో గ్రహణం రోజు ఏం చేసేవాళ్లో మనవరాలికి చెప్పమనండి. గ్రహణ సమయంలో మిగతా గుళ్లు మూసినా శ్రీకాళహస్తి గుడి తెరిచే ఉంటుందన్న సంగతి ఆవిడకే మీకంటే బాగా తెలిసి ఉంటుంది. 499లో రాసిన ఆర్యభటీయంలో ఆర్యభటుడు గ్రహణాలకు కారణం నీడలేనని చెప్పాడని మీరు చెప్పండి. నమ్మకం మీద పిల్లల ఎదుట వాదన పెట్టుకోవద్దు. తను ప్రేమించే ఇద్దరు మనుషుల్లో ఒకరు తెలివితక్కువ వాళ్లని తేల్చుకోవలసిన పరిస్థితి ఏ పిల్లకూ రాకూడదు.

అయితే అన్ని జాగ్రత్తలూ మూఢనమ్మకాలే అన్నట్టు మాట్లాడటం కూడా ప్రమాదమే, ఇది ఇంకో కష్టమైన నిజం. చంద్రగ్రహణాన్ని ఎంతసేపు చూసినా కంటికి హాని లేదు. సూర్యగ్రహణం అలా కాదు. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కంటి వెనకనున్న పొర కాలిపోతుంది. ఆ పొరకు నొప్పి తెలియదు కనుక కాలుతున్న సంగతి పిల్లకు తెలియనే తెలియదు. అదే 2027లో ఆగస్టు 2న సూర్యగ్రహణం ఉంది, మన దేశంలో కొన్నిచోట్ల పాక్షికంగా కనిపిస్తుంది. ఫిబ్రవరిలో "చంద్రుణ్ణి చూస్తే ఏదో అయిపోతుంది" అని భయపెడితే, ఏమీ కాలేదని పిల్లలు తెలుసుకుంటారు. ఆగస్టులో మనం "సూర్యుణ్ణి చూడొద్దు" అన్నప్పుడు దాన్నీ అలాంటి మాటే అనుకుంటారు. వినవలసిన మాట వినాలంటే, అక్కర్లేని చోట భయపెట్టకుండా ఉండాలి.

మిగిలినవి చిన్న విషయాలు. చంద్రుణ్ణి చూడటానికి ఊరి బయటికి వెళ్లనక్కర్లేదు, వీధి దీపాలు అడ్డు కావు. పడమటి వైపు తెరిపిగా ఉన్న బాల్కనీ గానీ డాబా గానీ చాలు. నాలుగున్నర ప్రాంతంలో చంద్రుడు పడమటి దిక్కున ఇంకా కొంత ఎత్తులోనే ఉంటాడు, ఆరింటికి ఎదుటి అపార్ట్‌మెంట్ల వెనక్కి పోతాడు. చాలా చోట్ల రాత్రిపూట డాబా తలుపుకు తాళం వేస్తారు, ముందురోజే వాచ్‌మన్‌కు చెప్పి పెట్టండి. స్వెటరు వేయండి, దోమల మందు రాయండి. పిట్టగోడ దగ్గర చెయ్యి వదలకండి. టెలిస్కోపు అవసరం లేదు, బైనాక్యులర్లు ఉంటే మంచిదే. పరీక్షల కాలం దగ్గరపడుతుంది కదా అని పదో తరగతి పిల్లలు లేవమంటే బలవంతం చేయకండి. శనివారం రాత్రి తొమ్మిదింటికల్లా పడుకోబెట్టి, నాలుగున్నరకు ఒక్కసారి పిలవండి. లేస్తే తీసుకెళ్లండి, అటు తిరిగి పడుకుంటే దుప్పటి సరిచేసి వచ్చేయండి.

"నిన్ను లేపాం, నువ్వే లేవలేదు" అని మర్నాడు దెప్పొద్దు. మీరు తీసిన మూడు ఫొటోలూ టిఫిన్ దగ్గర చూపించండి, తేడా తనే వెతుక్కుంటుంది. లేవలేకపోయిన పిల్లలకు గానీ, చూసినా ఏమీ కనబడలేదని నిరుత్సాహపడిన పిల్లలకు గానీ కేలండర్‌లో ఒక తేదీ గుర్తు పెట్టి ఇవ్వండి. 2028 డిసెంబర్ 31 రాత్రి పది గంటల ఇరవై నిమిషాల ప్రాంతంలో హైదరాబాద్ ఆకాశంలో సంపూర్ణ చంద్రగ్రహణం ఉంటుంది. మబ్బు లేకపోతే అది అందరికీ కనిపిస్తుంది.